పార్కిన్సన్స్ రోగి సంరక్షణ, చికిత్స: ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జబ్బుకి మందులు రాసేది న్యూరాలజిస్టే. కానీ ఆ మందు వేళకి అందేలా చూసేది, మనిషి పడిపోకుండా కాచుకునేది, తినేటప్పుడు పొలమారకుండా కనిపెట్టుకుని ఉండేది పక్కనున్నవాళ్లే. అందుకే ఇక్కడి జవాబుల్లో నర్సింగ్ సంగతులకే ఎక్కువ చోటు ఇచ్చాం. డోసు పెంచడం, తగ్గించడం, మందు ఆపడం మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఎప్పుడూ చేయకండి.

అసలు ఈ జబ్బులో ఏం జరుగుతుంది?

మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న ప్రాంతం ఉంది. అక్కడి నరకణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. నడవడం, గుండీలు పెట్టుకోవడం, మంచం మీద పక్కకి ఒత్తిగిలడం లాంటి పనులు మనం ఆలోచించకుండానే సాఫీగా జరగాలంటే డోపమైన్ కావాలి. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చచ్చిపోతూ వస్తాయి. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ఆ కణాల్లో ముద్దకట్టి పేరుకుంటుంది. చేయి వణకడం మొదలయ్యేసరికే వాటిలో పెద్ద భాగం పోయి ఉంటుంది. ఈ జబ్బు లక్షణాలను 1817లో లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ వివరంగా రాశారు. తర్వాత ఆయన పేరే దీనికి స్థిరపడింది.

నాన్నగారికి వణుకే లేదు. మరి పార్కిన్సన్స్ అని ఎలా చెప్పారు?

వణుకు ఉండి తీరాలని లేదు. డాక్టర్లు మొదట చూసేది కదలికల్లో నెమ్మదిని. దానికి తోడు వణుకైనా, ఒళ్లు బిగుసుకోవడమైనా ఉండాలి. నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, రాసేకొద్దీ అక్షరాలు చిన్నవైపోవడం, మొహంలో భావాలు కనిపించకపోవడం, మాట లోగొంతుకలోకి పోవడం దీని గుర్తులు. మొహం కదలకపోయేసరికి ఇంట్లోవాళ్లు 'ఈమధ్య దేనికీ పలకరు, కోపంగా ఉంటున్నారు' అనుకుంటారు. ఆ మొహం వెనక మనసు మామూలుగానే ఉంటుంది. ఇది ఇంట్లో అందరికీ, పిల్లలతో సహా, చెప్పాల్సిన విషయం.

వాసన తెలియకపోవడం, తగ్గని మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ కాళ్లూ చేతులూ విసరడం వంటివి కొందరిలో చాలా ఏళ్ల ముందే మొదలవుతాయి. అలాగని ఇవి ఉన్న ప్రతివాళ్లకీ ఈ జబ్బు వస్తుందని భయపడక్కర్లేదు.

దీన్ని తేల్చే రక్తపరీక్ష ఏదైనా ఉందా?

మామూలుగా నిర్ధారణ జరిగేది డాక్టర్ మనిషిని పరీక్షించి, లక్షణాల కథంతా విని చెప్పడం ద్వారానే. ఎమ్మారై తీయించేది ఎక్కువగా వేరే జబ్బులేవీ కావని తెలుసుకోవడానికి. మెదడులో డోపమైన్ కణాల పరిస్థితిని చూపే డాట్ స్కాన్ కొన్ని సందేహాలు తీర్చుకోవడానికి పనికొస్తుంది. లెవోడోపా అనే మందు మొదలుపెట్టాక కదలికలు బాగుపడితే అదీ ఒక ఆధారమే.

ఇది అంటుకుంటుందా? పిల్లలకు వస్తుందా?

అంటుకోదు. ఎక్కువమందిలో వంశపారంపర్యం కూడా కాదు. కొన్ని కుటుంబాల్లో మాత్రం జన్యువుల పాత్ర ఉంటుంది, ముఖ్యంగా చిన్న వయసులో వచ్చినప్పుడు.

పూర్తిగా నయమవుతుందా?

కాదు. చచ్చిపోయిన కణాలను తిరిగి తెచ్చే మందు ఇప్పటికి లేదు. జబ్బు ముదరకుండా ఆపుతుందని రుజువైన మందు కూడా లేదు. లక్షణాలను తగ్గించే మందులు మాత్రం బాగా పనిచేస్తాయి, చాలా ఏళ్లు పనిచేస్తాయి. 'మందుల్లేకుండా పూర్తిగా తగ్గిస్తాం' అని ఎవరైనా అంటే నమ్మి ఉన్న మందులు ఆపేయకండి.

ఏయే మందులు వాడతారు?

అన్నిటికన్నా బలంగా పనిచేసేది లెవోడోపా. ఇది మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే ఖర్చయిపోకుండా, వికారం తగ్గేలా దానికి కార్బిడోపా గానీ బెన్సెరజైడ్ గానీ కలిపి ఇస్తారు. ప్రమిపెక్సోల్, రోపినిరోల్, చర్మం మీద అంటించే రోటిగోటిన్ ప్యాచ్ డోపమైన్‌లా పనిచేస్తాయి. రసాజిలిన్, సెలెజిలిన్, సాఫినమైడ్ ఉన్న డోపమైన్ త్వరగా విరిగిపోకుండా ఆపుతాయి. ఎంటకపోన్ లెవోడోపా పనిచేసే సమయాన్ని పొడిగిస్తుంది. దానితో మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారు పడకండి. ట్రైహెక్సీఫెనిడిల్ వణుకు తగ్గిస్తుంది గానీ పెద్దవయసు వాళ్లలో మతిమరుపు, అయోమయం తెస్తుంది కాబట్టి వాళ్లకు సాధారణంగా ఇవ్వరు.

'లెవోడోపా ఇప్పుడే మొదలుపెడితే ముందుముందు పనిచేయదేమో' అని చాలామంది మాత్ర వేసుకోకుండా నెట్టుకొస్తుంటారు. ఆ భయంతో కదల్లేకుండా గడిపిన రోజులు తిరిగి రావు. మందు పనిచేసే సమయం తగ్గడానికి ప్రధాన కారణం జబ్బు ముదరడమే. కదలగలిగితే వ్యాయామం చేయగలుగుతారు, బయటికి వెళ్లగలుగుతారు. మా అభిప్రాయంలో అవసరమైన మందును దాచుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మాత్ర అరగంట అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

చాలా అవుతుంది. ఈ జబ్బు నర్సింగ్‌లో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోమంటే మేం దీన్నే చెబుతాం.

లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు. సుమారు గంటన్నరలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. జబ్బు మొదట్లో మెదడులో మిగిలిన కణాలు కాస్త డోపమైన్ దాచిపెట్టుకుంటాయి కాబట్టి మాత్ర ఆలస్యమైనా పెద్దగా తెలియదు. కొన్నేళ్లు గడిచాక ఆ నిల్వ ఉండదు. మాత్ర ఆలస్యమైతే మంచం మీంచి లేవలేరు, మింగలేరు, ఒక్కోసారి మాట కూడా రాదు. అందుకే 'రోజుకి నాలుగుసార్లు' అన్న మాట ఇక్కడ సరిపోదు. పొద్దున 7, 11, మధ్యాహ్నం 3, రాత్రి 7 అని గంటలు రాసుండాలి. ఫోనులో అలారం పెట్టండి. బయటికెళ్తే ఒక డోసు వెంట ఉంచుకోండి. మాత్ర ఇచ్చి వెళ్లిపోకుండా మింగారో లేదో చూడండి. బుగ్గలో ఉండిపోయిన మాత్ర వేసుకోనట్టే లెక్క.

ఒక డోసు మరిచిపోతే రెండూ కలిపి వేయకండి. ఎంత ఆలస్యమైతే ఏం చేయాలో ముందుగానే డాక్టర్‌ని అడిగి మందుల చీటీ మీదే రాయించుకోండి. ఒక్కసారిగా మందులన్నీ ఆపేస్తే తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం జరగొచ్చు. అది ప్రాణాంతకం.

నెమ్మదిగా కరిగే మాత్రలను నలిపి ఇవ్వకూడదు. మింగడం కష్టమవుతుంటే నీళ్లలో కరిగే రకం ఉందేమో అడగండి.

మాత్రకీ భోజనానికీ ఏమిటి సంబంధం?

లెవోడోపా పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి వెళ్లే దారి, ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాలు వెళ్లే దారి ఒక్కటే. రెండూ ఒకేసారి వస్తే మందు వెనకబడుతుంది. అందుకని తినడానికి అరగంట ముందు గానీ, తిన్నాక కనీసం గంట ఆగి గానీ వేయండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు పరగడుపున వికారంగా ఉంటే ప్రొటీన్ అంతగా లేని చిరుతిండి కాస్త పెట్టొచ్చు. ఐరన్ మాత్రలు కూడా మందును అడ్డుకుంటాయి, వాటికి కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

అలాగని ప్రొటీన్ మానిపించకండి. ఈ జబ్బులో బరువు తగ్గిపోవడం, కండలు కరిగిపోవడం మామూలే. మధ్యాహ్నం మందు సరిగ్గా పట్టడం లేదనిపిస్తే ప్రొటీన్ ఎక్కువగా రాత్రి భోజనంలో వచ్చేలా మార్చడం ఒక పద్ధతి. డైటీషియన్ సలహాతోనే చేయాలి.

ఒక గంట బాగా నడుస్తారు, మరో గంటలో కదల్లేరు. కావాలని చేస్తున్నారా?

కాదండీ. మందు పట్టినప్పుడు బాగుంటుంది, దిగిపోయినప్పుడు కదలలేరు. వీటినే 'ఆన్', 'ఆఫ్' అంటారు. 'పొద్దున తిరిగావుగా, ఇప్పుడేమైంది' అనే మాట వాళ్లను చాలా నొప్పిస్తుంది. స్నానం, భోజనం, ఫిజియోథెరపీ వంటివన్నీ ఆన్ సమయంలో పెట్టుకోండి. ఆఫ్ సమయంలో చెమటలు, ఆందోళన, నొప్పి కూడా రావచ్చు, కదలికలు ఒక్కటే కాదు.

కొందరిలో మందు ఎక్కువగా ఉన్న సమయంలో ఒళ్లు మెలికలు తిరుగుతూ, తల ఊగుతూ ఉంటుంది. దీన్ని డిస్కైనీషియా అంటారు. చూసేవాళ్లకు ఇబ్బందిగా అనిపించినా, రోగికి కదల్లేకపోవడం కన్నా ఇదే నయమనిపించవచ్చు. అందుకే డోసు తగ్గించమని అడిగే ముందు వాళ్లనే అడగండి. ఓ వారం పాటు మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఎప్పుడు బాగున్నారు, ఎప్పుడు బిగుసుకుపోయారు అనేది పుస్తకంలో రాసి డాక్టర్‌కి చూపిస్తే డోసు సరిచేయడం చాలా సులువవుతుంది.

వీళ్లకు ఇవ్వకూడని మందులు ఏవి?

ఈ పేర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మందుల డబ్బాకి అంటించండి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్. ఆందోళన తగ్గించడానికి వేసే హాలోపెరిడాల్. తలతిరుగుడుకి వాడే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్. ఇవి మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటాయి, జబ్బును ఒక్కసారిగా పెంచేస్తాయి. మెటోక్లోప్రమైడ్ చాలా మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్ కాబట్టి, వాంతులని ఎక్కడికి వెళ్లినా 'పార్కిన్సన్స్ ఉంది' అని ముందే చెప్పండి. వాంతులకు సాధారణంగా డోంపెరిడోన్ ఇస్తారు, గుండెజబ్బు ఉంటే దానికీ జాగ్రత్త అవసరం.

నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర ఆగిపోతారు. లాగి నడిపించవచ్చా?

లాగకండి, వెనక నుంచి నెట్టకండి. పాదాలు నేలకు అతుక్కుపోయి, ఒళ్లు మాత్రం ముందుకు వస్తుంది కాబట్టి పడిపోతారు. దీన్ని ఫ్రీజింగ్ అంటారు. గుమ్మాలు, ఇరుకు చోట్లు, మలుపులు, తొందరపెట్టే మాటలు దీన్ని పెంచుతాయి.

ఆగిపోయినప్పుడు మొదట నిజంగానే ఆగమనండి. నిటారుగా నిలబడి ఊపిరి తీసుకోనివ్వండి. బరువును ఒక కాలి మీంచి మరో కాలి మీదకి మెల్లగా మార్చమని, తర్వాత ఒక పెద్ద అడుగు వేయమని చెప్పండి. 'ఒకటి, రెండు, ఒకటి, రెండు' అని లెక్కపెట్టినా, లయగా చప్పట్లు కొట్టినా కాళ్లు కదులుతాయి. మీ పాదం వాళ్ల ముందు అడ్డంగా పెట్టి 'దీన్ని దాటండి' అన్నా పనిచేస్తుంది. తనంతట తాను సాగే నడక దెబ్బతిన్నా, కంటికి కనిపించే గీతో చెవికి వినిపించే లయో ఉంటే మెదడు వేరే దారిలో ఆ పని చేయించగలదు. ఎప్పుడూ ఆగిపోయే చోట నేల మీద రంగు టేపు గీతలు అడ్డంగా వేయించండి.

పడిపోకుండా ఏం చేయాలి?

మలుపు తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా, అర్ధచంద్రంలా చుట్టూ అడుగులు వేస్తూ తిరగాలి. నడిచేటప్పుడు మాట్లాడించకండి, రెండు చేతుల్లోనూ వస్తువులు పెట్టకండి. జారే పట్టాలు, వైర్లు తీసేయండి. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీలు, రాత్రంతా చిన్న లైటు ఉండాలి. కుర్చీకి చేతులుండాలి, ఎత్తు కాస్త ఎక్కువగా ఉండాలి. లేచేటప్పుడు ముందు కుర్చీ అంచుకి జరగమనండి, పాదాలు వెనక్కి తెచ్చుకుని, ముక్కు మోకాళ్లు దాటేంతగా ముందుకు వంగి లేవమనండి.

లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ పడిపోతోందేమో చూడాలి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి కొలవండి. పైన అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పండి. పార్కిన్సన్స్ వల్లా, దాని మందుల వల్లా, పాత బీపీ మాత్రల వల్లా ఇలా జరగొచ్చు. మంచం మీంచి ఒక్కసారిగా లేవనివ్వకండి. కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు కూర్చోబెట్టి, పాదాలు ఆడించాక లేపండి.

తినేటప్పుడు పొలమారుతోంది. ఎంత ప్రమాదం?

తేలిగ్గా తీసుకోవద్దు. ఆహారం, ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారి వచ్చే న్యుమోనియా ఈ రోగుల మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. దగ్గు రాకుండానే జారిపోయే అవకాశం కూడా ఉంది. తిన్నాక గొంతు తడిగా గరగరలాడటం, భోజనానికి ఎక్కువ సమయం పట్టడం, బరువు తగ్గడం, కారణం తెలియని జ్వరం మళ్లీమళ్లీ రావడం కనిపిస్తే స్పీచ్ థెరపిస్ట్‌తో మింగే పరీక్ష చేయించండి.

పడుకోబెట్టో, వెనక్కి వాల్చో తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలకుండా చూడండి. మందు బాగా పట్టిన సమయంలోనే పెట్టండి. చిన్న ముద్దలు, ఒకటి మింగాక ఇంకోటి. మధ్యలో మాట్లాడించకండి, టీవీ కట్టేయండి. పల్చటి నీళ్లే ఎక్కువగా పొలమారుతుంటే చిక్కబరిచి ఇవ్వాలా అన్నది థెరపిస్ట్ చెప్పాలి, మీరే నిర్ణయించుకోవద్దు. తిన్నాక అరగంటైనా కూర్చునే ఉండాలి. నోట్లో మిగిలిన మెతుకులు తీసి, పళ్లు, నాలుక శుభ్రం చేయండి. నోరు శుభ్రంగా ఉంటే న్యుమోనియా ముప్పు తగ్గుతుంది.

చొంగ కారుతోంది, మాట వినపడటం లేదు.

లాలాజలం ఎక్కువ ఊరడం వల్ల కాదు, మింగడం తగ్గడం వల్ల చొంగ కారుతుంది. తల వంగిపోకుండా కూర్చోబెట్టి, మధ్యమధ్యలో మింగమని గుర్తుచేయండి. మరీ ఎక్కువైతే లాలాజలం ఊరడాన్ని తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ వంటివి ఉన్నాయి. మాట విషయానికొస్తే, వాళ్ల చెవికి తమ గొంతు మామూలుగానే వినిపిస్తుంటుంది. అందుకే గట్టిగా మాట్లాడటం ప్రత్యేకంగా నేర్పే ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనే శిక్షణ ఉంది. ఇంట్లో మీరు చేయగలిగింది, జవాబు వచ్చేదాకా ఆగడం. వాళ్ల బదులు మీరు మాట్లాడేయకండి.

మలబద్ధకం ఎందుకు తగ్గడం లేదు?

పేగుల నరాలు కూడా ఈ జబ్బులో నెమ్మదిస్తాయి. మలబద్ధకం ఉంటే మందు కూడా సరిగ్గా ఒంటబట్టదు. గుండె, కిడ్నీ సమస్యలు లేకపోతే రోజుకి ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు, పీచు పదార్థాలు, నడక ఉండాలి. తిన్న తర్వాత ఒకే వేళకి టాయిలెట్‌కి పంపండి, పాదాల కింద చిన్న పీట పెట్టండి. అయినా కాకపోతే విరేచనం మెత్తబడే మందు రోజూ వాడాల్సి రావచ్చు. మూడు రోజులు దాటనివ్వకండి. రాత్రి మూత్రానికి పదేపదే లేస్తుంటే సాయంత్రం తర్వాత నీళ్లు తగ్గించి, మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి. పగటి నీళ్లు మాత్రం తగ్గించవద్దు.

రాత్రిళ్లు మంచం మీద ఒత్తిగిలలేకపోతున్నారు.

నడుము కింద జారే శాటిన్ గుడ్డ వేస్తే తిరగడం తేలికవుతుంది. మంచానికి పట్టుకునే కడ్డీ ఉంటే మంచిది. రాత్రి డోసు గురించి డాక్టర్‌ని అడగండి. అసలు కదల్లేని స్థితిలో ఉంటే రెండేసి గంటలకు పక్క మార్చి, నడుము, పిరుదులు, మడమలు ఎర్రబడ్డాయేమో చూస్తుండాలి. నిద్రలో చేతులు విసురుతుంటే మంచం చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసేయండి.

లేని మనుషులు కనిపిస్తున్నారంటున్నారు. మతి పోయిందా?

ఇది జబ్బులో భాగంగా, మందుల వల్ల, లేదా ఇన్‌ఫెక్షన్ వల్ల రావచ్చు. 'అక్కడెవరూ లేరు' అని వాదించకండి, 'అవును ఉన్నారు' అని వంత పాడకండి. 'నాకైతే కనిపించడం లేదు, నేను మీ దగ్గరే ఉన్నాను' అనండి, లైటు వేయండి. రెండుమూడు రోజుల్లోనే కొత్తగా మొదలైతే ముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నీరసించి ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా చేర్చిన మందు ఏదైనా ఉందా అన్నవి చూడాలి. చికిత్స అవసరమైతే క్వెటియాపిన్, క్లోజపిన్ లాంటివి డాక్టర్ ఎంచుకుంటారు.

మావారు కొత్తగా డబ్బు విపరీతంగా ఖర్చుపెడుతున్నారు. జబ్బుతో సంబంధం ఉందా?

ఉండొచ్చు. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొందరిలో జూదం, కొనుగోళ్లు, తిండి, లైంగిక కోరికలను అదుపు తప్పేలా చేస్తాయి. సిగ్గుపడి దాచకండి. అది ఆయన స్వభావం కాదు, మందు తెచ్చిన ఇబ్బంది. డాక్టర్ డోసు నెమ్మదిగా తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

వేరే కారణంతో ఆసుపత్రిలో చేర్పించాల్సి వస్తే?

వార్డులో మందులు అందరికీ ఒకేసారి పంచే వేళలుంటాయి. మీ మనిషికి అవి సరిపోవు. చేరిన వెంటనే నర్సుకి మాత్రల పేర్లు, డోసులు, గంటలు రాసిన కాగితం ఇవ్వండి. ఇంటి నుంచి మాత్రలు తెచ్చుకోండి. అనుమతిస్తే మీ దగ్గరే ఉంచుకుని వేళకి ఇవ్వండి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌తో ముందే మాట్లాడండి, పరగడుపున ఉంచే సమయంలో కూడా గుక్కెడు నీళ్లతో మాత్ర ఇవ్వొచ్చేమో అడగండి. నోటితో ఏమీ ఇవ్వకూడదంటే ముక్కు గొట్టం ద్వారానో, ప్యాచ్ రూపంలోనో మందు అందించవచ్చు. 'తర్వాత చూద్దాం' అంటే ఊరుకోకండి, మర్యాదగానే మళ్లీ అడగండి.

మెదడులో పెట్టే పేస్‌మేకర్ అందరికీ పనికొస్తుందా?

డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అనే ఈ ఆపరేషన్‌లో మెదడు లోపలికి సన్నని వైర్లు పెట్టి, ఛాతీ దగ్గర అమర్చిన బ్యాటరీతో విద్యుత్ ఇస్తారు. 1980ల చివర్లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలిం లూయీ బెనాబిడ్ బృందం దీనికి బాట వేసింది. లెవోడోపాకి బాగా స్పందిస్తూ, ఆన్, ఆఫ్‌ల మధ్య నలిగిపోతున్నవాళ్లకు ఇది మేలు చేస్తుంది. మతిమరుపు ఎక్కువగా ఉన్నవాళ్లకు చేయరు. మందు పనిచేసే సమయంలో కూడా తగ్గని తూలుడు, మాట ఇబ్బంది దీనితో సాధారణంగా బాగుపడవు. చేయించుకున్నవాళ్లకు ఫిజియోథెరపీలో ఒంటి లోపల వేడి పుట్టించే షార్ట్‌వేవ్ డయాథెర్మీ పెట్టకూడదు. ఎమ్మారైకి ముందు పరికరం సంగతి తప్పక చెప్పాలి.

వ్యాయామం నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. మందుతో సమానంగా పట్టించుకోవాల్సిన విషయమిది. వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం, తాయ్ చీ అనే నెమ్మదైన చైనా వ్యాయామం, డాన్స్, చేతులు పెద్దగా చాచే కసరత్తులు, ఏదైనా మనిషికి నచ్చింది ఎంచుకోండి. నచ్చనిది నెల కూడా సాగదు.

దూలగొండి పొడి వాడొచ్చా?

దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. సరిగ్గా అందుకే ప్రమాదం కూడా. ఏ చెంచాలో ఎంత ఉందో తెలియకుండా మాత్రలతో కలిపితే డోసు లెక్క తప్పుతుంది. వాడుతుంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

అన్నీ మేమే చేసిపెట్టాలా, వాళ్లను చేసుకోనివ్వాలా?

చేసుకోనివ్వండి. చొక్కా తొడుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టినా సరే, ఇరవై నిమిషాలు ముందు మొదలుపెట్టండి. గుండీలకు బదులు వెల్క్రో, లేసులు లేని చెప్పులు, లావు పిడి ఉన్న చెంచా, కూర్చుని స్నానం చేసే స్టూలు వంటివి సాయపడతాయి. ఒకేసారి మూడు పనులు చెప్పకుండా ఒక్కొక్కటే చెప్పండి. టెన్షన్ పెడితే వణుకూ బిగుతూ రెండూ పెరుగుతాయి.

చూసుకునే నాకే నిద్ర, ఓపిక లేకుండా పోతున్నాయి. ఏం చేయను?

ఇది మీ బలహీనత కాదు. రోజంతా, రాత్రంతా ఒక్కరే మోసే పని కాదిది. వారంలో కొన్ని గంటలైనా ఇంకొకరు చూసుకునే ఏర్పాటు అడిగి చేయించుకోండి, ఎవరో అర్థం చేసుకుని వస్తారని ఎదురుచూడకండి. మాత్రల వేళలు, లేపే పద్ధతి, తినిపించే పద్ధతి ఇంట్లో కనీసం మరొకరికి నేర్పండి. మనిషిని లేపేటప్పుడు మీ నడుము వంచకుండా మోకాళ్లు వంచండి, చంకల్లో చేతులు పెట్టి లాగకండి. నిద్రపట్టకపోవడం, ఏడుపు రావడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే మీకోసం కూడా డాక్టర్‌ని కలవండి. తర్వాతిసారి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. రాత్రి డోసు మారిస్తే ఒక్కోసారి ఇద్దరికీ నిద్ర పడుతుంది.